కన్నీరు ఆపుకున్నవారు, నిద్ర ఆపుకున్నవారు

వైద్యవృత్తిలో మూడు దశాబ్దాలు గడిపినవానికి తెలియకుండానే ఒక దురలవాటు అబ్బుతుంది. రోగి రెండు మాటలు చెప్పేసరికే మందు పేరు మనస్సులో మెదులుతుంది. మూడవ మాట చెవికెక్కదు. ఆ మూడవ మాట వినని కారణంగా నేను చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఉంచి, దాని వలన నేను గ్రహించిన విషయాన్ని విన్నవించుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

అది 2020 జూన్ మాసం. మార్చి 22వ తేదీ ఆదివారం నాటి జనతా కర్ఫ్యూ తరువాత, మార్చి 25 నుండి మే 31 వరకు 68 రోజులపాటు దేశమంతటా సాగిన లాక్‌డౌన్ అప్పుడే సడలింది. మా నరసరావుపేటలో కేసులు అధికంగా ఉన్నందున ఇక్కడ కట్టడి మరింత గట్టిగా ఉండేది. చాలా రోజుల తరువాత తలుపులు తెరిచిన మా వైద్యశాలకు నలభై ఏళ్ళ గృహిణి ఒకరు వచ్చారు. "తలనొప్పండీ, కళ్ళు బరువుగా ఉంటున్నాయి, ఒళ్ళంతా విరిచినట్లుంటోంది" అన్నారు. జ్వరం లేదని నిర్ధారించుకొని, నుదుటికి శొంఠి గంధం పట్టు వేయమని, రాత్రిపూట త్రిఫలా చూర్ణం తీసుకొమ్మని చెప్పి పంపించాను. పదిరోజులకు మళ్ళీ వచ్చారు. తలకు వేరే తైలం ఇచ్చాను. మూడవసారి వచ్చినప్పుడు, పక్కన కూర్చొని పొట్లాలు కట్టే మా ఇల్లాలు ఆమెను ఒక్క ప్రశ్న అడిగింది: "రాత్రిళ్ళు ఎన్ని గంటలకు పడుకుంటున్నావమ్మా?"

ఆ ప్రశ్న నేను అడగలేదు. రెండుసార్లు నాడి చూశాను, నాలుక చూశాను, కాని నిద్ర సంగతి అడగలేదు.

ఆమె చెప్పిన సమాధానం ఇది. ఇంట్లో ఆరుగురు మనుషులు. అత్తమామలు వృద్ధులు. పిల్లలిద్దరికీ ఒకే ఫోనులో పాఠాలు. భర్తకు బట్టల దుకాణం. అది మూతబడి ఆయన ఇంట్లోనే ఉన్నారు. మూడు పూటలా వంట, నడుమ టీలు, అంట్లు, బయటనుండి తెచ్చిన ప్రతి వస్తువునూ కడగడం. పనిమనిషి రావడం లేదు. రాత్రి పన్నెండు దాటితే గాని నడుము వాల్చడం లేదు. తెల్లవారి నాలుగున్నరకు మెలకువ. ఆ తరువాత ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: "ఇదివరకు అందరూ వెళ్ళాక మధ్యాహ్నం రెండు గంటలు ఇల్లు ఖాళీగా ఉండేదమ్మా. ఆ రెండు గంటలూ పోయాయి. నన్ను తిట్టేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు. కాసేపు ఎవరూ లేకుండా ఉండాలని ఉంది, అంతే."

ఆ తలనొప్పికి శొంఠి ఏమి చేయగలదు?

నెల తిరగకముందే ఆమె భర్త కూడా వచ్చారు. గుండె దడ, అన్నం సహించకపోవడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. ఆయనకు గుండె పరీక్ష చేయించమని ముందుగా ఆస్పత్రికి పంపాను. దోషమేమీ లేదని వచ్చింది. ఈసారి నేనే అడిగాను: "దుకాణం ఎలా ఉన్నదండీ?" పెళ్ళిళ్ళ రోజులకని అప్పు చేసి తెచ్చిన సరుకు మడత విప్పకుండా అల్మారాలలోనే ఉన్నదన్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పారా అని అడిగాను. "చెప్పి ఏం లాభమండీ? వాళ్ళూ బెంగపడతారు" అని, మాస్కు కళ్ళదాకా పైకి లాక్కొని తల వంచుకున్నారు. వంద రోజులుగా ఆ మనిషి ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఒకే ఇల్లు, ఒకే లాక్‌డౌన్. ఆమెకు లేనిది ఏకాంతం. ఆయనను కాల్చినది ఒంటరితనం. ఈ రెండూ ఒకటి కావు. ఏకాంతం మనకు మనం కోరుకొని పొందే విశ్రాంతి; ఒంటరితనం పదిమంది నడుమ ఉన్నా మనలను పట్టుకొనే వ్యాధి. లాక్‌డౌన్ ఎందరో స్త్రీలనుండి మొదటిదానిని లాగివేసింది; ఎందరో పురుషులకు రెండవదానిని అంటగట్టింది. నా అభిప్రాయం ఇదే. ఇక దీనిని శాస్త్రంతోను, లెక్కలతోను సరిచూద్దాము.

ఆపుకోరాని వేగాలు

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమనే అధ్యాయం ఉన్నది. ఊళ్ళకు ఊళ్ళనే నాశనం చేసే మహమ్మారులు గాలి, నీరు, నేల, కాలం చెడడం వలన వస్తాయని అందులో ఆత్రేయ మహర్షి అగ్నివేశునికి బోధిస్తాడు. 2020లో మన వైద్యులందరమూ ఆ అధ్యాయాన్నే ఉటంకించాము. కాని అదే గ్రంథం సూత్రస్థానం ఏడవ అధ్యాయాన్ని మాత్రం మరచిపోయాము.

ఆ అధ్యాయం బలవంతాన ఆపుకోరాని పదమూడు వేగాలను చెబుతుంది. మలమూత్రాలు, తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక మొదలైనవి అందరికీ తెలిసినవే. వాటి సరసన ఆచార్యుడు మరి మూడింటిని చేర్చాడు: కన్నీరు, నిద్ర, శ్రమపడినప్పుడు వచ్చే ఆయాసం. కన్నీరును ఆపుకొంటే పడిశము, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, భ్రమ కలుగుతాయని చెప్పాడు. అరుచి అంటే అన్నం సహించకపోవడం. భ్రమ అంటే కళ్ళు తిరగడం. నిద్రను ఆపుకొంటే ఆవలింతలు, ఒళ్ళు విరుపులు, మగత, శిరోరోగము, కళ్ళబరువు కలుగుతాయని చెప్పాడు.

పాఠకులు ఒక్కసారి వెనుకకు వెళ్ళి ఆ భార్యాభర్తలు చెప్పిన లక్షణాలను మళ్ళీ చదవండి. ఆయనవి కన్నీరు ఆపుకున్నవాని లక్షణాలు. ఆమెవి నిద్ర ఆపుకున్న మనిషి లక్షణాలు. పుస్తకం నా అలమరలోనే ఉన్నది. నేను మాత్రం తలనొప్పి అనే మాట విని శొంఠి దగ్గర ఆగిపోయాను.

ఇదే అధ్యాయం మరొక విషయాన్నీ స్పష్టం చేస్తుంది. లోభము, శోకము, భయము, క్రోధము వంటి మనోవేగాలను అదుపులో ఉంచుకోవాలంటుంది. మన సమాజం ఈ రెండు జాబితాలను తారుమారు చేసింది. మగవానికి కన్నీరు సిగ్గుచేటు, కోపం మాత్రం మగతనం. ఆడదానికి నిద్ర బద్ధకం, ఆయాసం మాత్రం బాధ్యత. ఆపుకోరానివాటిని ఆపమని, ఆపుకోవలసినవాటిని విడిచిపెట్టమని పిల్లలకు నేర్పుతున్నాము. లాక్‌డౌన్ ఈ తప్పును పుట్టించలేదు. తలుపులు మూసి, లోపల ఉన్నదానిని ఉడికించింది.

రెండు అపోహలు

"ఆడవాళ్ళు ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్ళే గదా, లాక్‌డౌన్ వల్ల వాళ్ళకు వచ్చిన కొత్త కష్టమేమిటి?" అన్నది మొదటి అపోహ. 2019లో మన కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నట్లు తేలింది. పురుషులలో అసలు ఇంటిపని ముట్టనివారు ఈ సగటులో లేనే లేరు. ఇది లాక్‌డౌన్‌కు ముందరి లెక్క. అయిదు గంటల పని ఉన్న ఇంట్లోకి బడి, ఆఫీసు, దుకాణం, ఆస్పత్రి అన్నీ ఒకేసారి వచ్చి కూర్చుంటే ఆ పని ఎంతయి ఉంటుందో ఊహించుకోవచ్చును.

ఫలితం ప్రపంచమంతటా కనిపించింది. 2021 అక్టోబరులో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన అంచనా ప్రకారం, మహమ్మారి కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా తీవ్రమైన మానసిక కుంగుబాటు కేసులు అదనంగా 5 కోట్ల 32 లక్షలు పెరిగాయి. అందులో స్త్రీలు 3 కోట్ల 55 లక్షలు, పురుషులు 1 కోటి 77 లక్షలు. ఆందోళన రోగాలలోనూ అదనపు కేసులు 7 కోట్ల 62 లక్షలు కాగా, వారిలో 5 కోట్ల 18 లక్షలమంది స్త్రీలే. కొట్టే భర్తతో ఒకే కప్పు క్రింద చిక్కుకున్నవారి గతి మరీ దారుణం. ఫిర్యాదులు పెరిగినందున జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు ఏర్పాటు చేయవలసి వచ్చింది. భర్త ఎప్పుడూ ఎదుటనే ఉండే ఇంట్లో ఫోనులో మాట్లాడడానికి చాటు ఎక్కడిది?

రెండవ అపోహ దీనికి ఎదురుది. "బాధలన్నీ ఆడవాళ్ళవే, మగవాళ్ళకు మందు దుకాణం మూతబడిందన్న బెంగ తప్ప ఏముంది?" అనేవారున్నారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం మన దేశంలో 2019లో 1,39,123 మంది ఆత్మహత్య చేసుకోగా, 2020లో ఆ సంఖ్య 1,53,052కు, 2021లో 1,64,033కు పెరిగింది. 2020 మృతులలో నూటికి 70 మందికి పైగా పురుషులు. ఈ నిష్పత్తి లాక్‌డౌన్‌తో పుట్టినది కాదు, అంతకుముందూ ఉన్నదే. మృతులలో దినకూలీలే 37,666 మంది. అదే ఏడాది గృహిణులు 22,372 మంది మరణించారన్నది కూడా మరువరాదు. ఇన్ని మరణాలకు ఒకే కారణం చెప్పడం శాస్త్రీయం కాదు. కాని స్త్రీల బాధ రోగాల లెక్కలలో ఎక్కువగా కనబడుతున్నది, పురుషుల బాధ మరణాల లెక్కలలో ఎక్కువగా కనబడుతున్నది అన్నంతవరకు చెప్పవచ్చును. స్త్రీ తన బాధను తలనొప్పి అనే పేరుతోనైనా వైద్యుని దగ్గరకు తెస్తున్నది. పురుషుడు వైద్యుని దగ్గరకే రావడం లేదు.

మరి ఎక్కడికి వెళ్తున్నాడు? మా ఊరిమీదుగా పోయే రైలుమార్గంలోనే ప్రకాశం జిల్లా కురిచేడు ఉన్నది. 2020 జూలై ఆఖరులో, కట్టడి కారణంగా మద్యం దుకాణాలు మూసి ఉన్న ఆ ఊరిలో, చేతులకు పూసుకొనే శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించారు. అంతకుముందు ఏప్రిల్‌లో, కల్లు, మద్యం హఠాత్తుగా దొరకక వణుకు, మూర్ఛ, మతిభ్రమణతో బాధపడేవారు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు. చూసినవారు నవ్వారు. అది నవ్వవలసిన విషయం కాదు, ప్రాణాపాయ స్థితి.

ఇక్కడ శాస్త్రంలోని ఒక ముక్కను దాచకుండా చెప్పాలి. కన్నీరు ఆపుకోవడం వలన కలిగిన రోగాలకు చరకుడు మూడు ఉపాయాలు చెప్పాడు: నిద్ర, మద్యం, ప్రియమైన మాటలు. అవును, మద్యం కూడా ఉన్నది. కాని అదే ఆచార్యుడు మితిమీరిన మద్యం వలన కలిగే మదాత్యయ రోగానికి చికిత్సాస్థానంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. మన మగవారు ఆ మూడింటిలో నడిమిదానిని మాత్రం పట్టుకున్నారు. ఖర్చులేని మూడవది, అనగా మనస్సుకు ఇష్టమైన వారితో మాట, ఎవరికీ పట్టలేదు.

మా ఇంటి సంగతి

ఇతరుల ఇళ్ళ గురించి ఇంతగా వ్రాసి నా ఇంటి విషయం దాచడం న్యాయం కాదు. వైద్యశాల మూసి ఉన్న ఆ రోజులలో నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఉదయం పేపరు, మధ్యాహ్నం టీవీలో కేసుల లెక్కలు, సాయంత్రం ఫోనులో కషాయాల గురించి అందరికీ సలహాలు. రోజుకు ఎన్నిసార్లు టీ అడిగానో నాకు తెలియదు. ఒకనాడు, "ఇంట్లో కూర్చొని కూర్చొని పిచ్చెక్కుతోంది" అన్నాను. మా ఇల్లాలు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే, "మీరు కూర్చున్నారండీ. నేను ఇంకా కూర్చోలేదు" అన్నది.

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది నన్ను బాగా తాకింది. మరునాటి నుండి సాయంత్రపు అంట్లు నావంతు అయ్యాయి. వైద్యశాల తెరిచిన తరువాత కూడా ఆ ఏర్పాటు మారలేదు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు; ముప్పయి ఏళ్ళు ఆలస్యమైనదని ఒప్పుకోవడానికి.

ఏమి చేయాలి?

చరకుడు మానసిక వ్యాధులకు సత్వావజయ చికిత్సను ప్రధానంగా చెప్పాడు. అహితమైన విషయాలనుండి మనస్సును మళ్ళించి నిలకడగా ఉంచడమే అది. జ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి దానికి సాధనాలు. రోగాన్ని పెంచేవాటిలో విషాదాన్ని మించినది లేదని కూడా ఆయనే చెప్పాడు. కాబట్టి ఇంటి వైద్యం మూలికతో కాక, మనిషితో ప్రారంభం కావాలి.

ఇంట్లోని స్త్రీకి రోజుకు ఒక గంట అయినా ఎవరూ పిలవని కాలం ఉండాలి. ఆ గంటలో ఆమె పడుకుంటుందో, పుస్తకం చదువుతుందో, గోడవైపు చూస్తూ కూర్చుంటుందో అడిగే హక్కు ఎవరికీ లేదు. నిద్ర ఆపుకున్నందుకు శాస్త్రం చెప్పిన చికిత్స నిద్రయే. తోడుగా ఒళ్ళు పట్టడం. రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళకు, మాడుకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేయించుకోవడం మంచిది. "చేయించుకోవడం" అన్నాను, గమనించండి. ఆ చేతులు ఇంట్లోని ఇతరులవి కావాలి. నిద్రను కలిగించేవాటిలో గేదెపాలను చరకుడు శ్రేష్ఠంగా పేర్కొన్నాడు. అరుగుదల సరిగా ఉన్నవారు రాత్రివేళ ఒక గ్లాసు వెచ్చని గేదెపాలు త్రాగవచ్చును.

ఇంట్లోని పురుషునికి పని, మాట రెండూ కావాలి. సంపాదన ఆగిన మగవాడు తాను ఎందుకూ కొరగానని కుంగిపోతాడు. చేతికి ఏదో ఒక పని, ఇంటిపనే అయినా సరే, ఆ భావాన్ని తగ్గిస్తుంది. అప్పు ఉంటే ఆ సంగతి భార్యకు చెప్పాలి. ఆ బట్టల వ్యాపారి నా ఎదుటనే భార్యకు లెక్కలన్నీ చెప్పారు. ఆమె భయపడలేదు. "ఇంతేనా? ఇంకేదో అనుకొని చచ్చిపోతున్నాను" అన్నారు. సరుకులో కొంత వచ్చిన ధరకు అమ్మి, కొంత అప్పు తీర్చారు. ఆమె మధ్యాహ్నపు రెండు గంటలలో ఒక గంట తిరిగి వచ్చింది. తలనొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. మందు మాత్రం అవసరం లేకపోయింది.

ఇక మందుల విషయంలో కొన్ని హెచ్చరికలు. లాక్‌డౌన్‌లో మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క కషాయాలు పూటకు రెండుసార్లు త్రాగి, కడుపులో మంట, నిద్రలేమి తెచ్చుకున్నవారిని నేను చాలామందిని చూశాను. వేడిచేసే ద్రవ్యం అతిగా తీసుకుంటే పిత్తం ప్రకోపిస్తుంది. చిరాకు మరింత పెరుగుతుంది. అశ్వగంధ మంచిదే, కాని గర్భిణులు, థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, కాలేయవ్యాధి ఉన్నవారు సొంతంగా వాడరాదు. నిద్రకని సర్పగంధ పొడి ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదకరం. అందులోని రెసర్పిన్ అనే పదార్థం దిగులును పెంచవచ్చును. రోజూ మద్యం గాని కల్తీ కల్లు గాని త్రాగేవారు ఒక్కసారిగా మానివేస్తే మూర్ఛలు రావచ్చును. వారిని వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి. వణుకు, మాట తడబాటు, లేనివి కనబడడం మొదలైతే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. కషాయాలతో కాలయాపన చేయరాదు.

బ్రతుకు మీద విరక్తి మాట ఎవరి నోట వచ్చినా, హాస్యానికి అన్నట్లున్నా, తేలికగా తీసుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చును. ఇంట్లో హింసకు గురయ్యే స్త్రీలకు 181 నంబరు ఉన్నది. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడం ఆయుర్వేదానికి ద్రోహం కాదు. రోగి బాగుపడడమే ఏ శాస్త్రానికైనా ప్రయోజనం.

ఇప్పుడెందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించింది. లాక్‌డౌన్ పాత కథ అయినది గదా, ఇప్పుడు ఈ ప్రస్తావన ఎందుకని కొందరు అడగవచ్చును. లాక్‌డౌన్ అవసరమా, కాదా అన్న వాదులాటలోకి నేను పోవడం లేదు. కాని 2024లో మళ్ళీ జరిపిన కాలవినియోగ సర్వేలో స్త్రీల ఇంటిపని 289 నిమిషాలు, పురుషులది 88 నిమిషాలు. అంతటి కష్టం చూసిన తరువాత కూడా మన ఇళ్ళు మారలేదు. మగవారి మౌనాన్ని కొలిచే సర్వే ఏదీ లేదు. ఉంటే అదీ మారలేదనే చెబుతుందని నా భయం. మరొక మహమ్మారి ఎప్పుడు వచ్చినా, మళ్ళీ ఈ తలుపులే మూసుకుంటాము. వెనుక ఉండేదీ ఈ మనుషులమే.

ఈ పత్రిక చదివే తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. తలనొప్పి అని స్త్రీ వస్తే ఎన్ని గంటలు నిద్రపోతున్నదో అడగండి. గుండె దడ అని పురుషుడు వస్తే, పరీక్షలు చేయించిన తరువాత, ఎవరితో మాట్లాడుతున్నాడో అడగండి. పాఠక సోదర సోదరీమణులకు కూడా అదే మనవి. ఈ రాత్రి భోజనాల తరువాత మీ ఇంట్లో చివరకు పడుకొనేది ఎవరో, పగలంతా ఎవరు పెదవి విప్పలేదో ఒకసారి గమనించండి. మందు పెట్టె తెరవడం ఆ తరువాత.